గోడలు దాతలవి, తలుపులు ప్రజలవి

కృష్ణా డెల్టాలో కళాశాలలను ఊళ్లు కట్టుకున్నాయి, ప్రభుత్వం పోషించింది. ఆ రెండు చేతులూ కలిసి పనిచేసినప్పుడు చదువు ఎంతమంది గుమ్మం తొక్కిందో, ఒక చెయ్యి వెనక్కి తగ్గితే ఏమవుతుందో విజయవాడ నుంచి బందరు దాకా ఉన్న కాలేజీలే చెబుతాయి.

బెజవాడకు కళాశాల కంటే ముందు విశ్వవిద్యాలయం వచ్చింది. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు దాని కేంద్రస్థానం ఈ ఊరే. తొలి వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి ఇక్కడి నుంచే పని మొదలుపెట్టారు. 1930 నాటికి అది వాల్తేరుకు తరలిపోయింది. విశ్వవిద్యాలయం ఉన్న ఆ కొద్ది ఏళ్లలోనూ, అది వెళ్లిపోయాక మరికొన్నేళ్లూ బెజవాడ కుర్రాడు పై చదువు చదవాలంటే బందరు రైలెక్కాలి, లేదా కృష్ణ దాటి గుంటూరు చేరాలి.

1937లో ఆ ప్రయాణం తప్పింది. ఊరికి తనదంటూ ఒక కళాశాల దక్కింది. ఇప్పుడు మాచవరంలో ప్రభుత్వ డిగ్రీ కళాశాలగా నడుస్తున్న ఎస్.ఆర్.ఆర్. అండ్ సి.వి.ఆర్. కళాశాల అదే. పేరులోని పొడి అక్షరాలు దాతలవి. ఊళ్లో ఎవరూ పూర్తి పేరు పలకరు. ఆటో ఎక్కి ‘ఎస్సారార్ కాలేజీ’ అంటే చాలు. దాతల పేర్లు, ఆ పక్కనే ‘ప్రభుత్వ’ అన్న మాట. కృష్ణా డెల్టా చదువు కథంతా ఈ ఒక్క బోర్డులో ఉంది. గోడలు లేపింది ఎవరు, లోపల పాఠం చెప్పేవారికి జీతం ఇచ్చింది ఎవరు, గేటు ఎవరికోసం తెరుచుకుంది అన్న మూడు ప్రశ్నలకూ మూడు వేర్వేరు జవాబులున్న కథ ఇది.

కాలువ నీళ్లు, కాలేజీ పేర్లు

ఈ ప్రాంతంలో కాలేజీల పేర్లను వరసగా చదివితే దాతల జాబితా చదివినట్టే ఉంటుంది. గుడివాడలో ఏఎన్నార్, విజయవాడ వన్‌టౌన్‌లో కేబీఎన్, మొగల్రాజపురంలో పీబీ సిద్ధార్థ, కానూరులో వీఆర్ సిద్ధార్థ. ఉయ్యూరులో ఏజీ అండ్ ఎస్‌జీ సిద్ధార్థ కళాశాల ఉంది. ఆ పేరులో అడుసుమిల్లి గోపాలకృష్ణయ్యతో పాటు చెరకు రైతులూ ఉన్నారు. ఒక డిగ్రీ కళాశాల తన పేరులో పంట పండించేవాళ్లను మోస్తోందంటే, చదువు కోసం ఎవరు చెయ్యి వేశారో వేరే చెప్పనక్కర్లేదు.

ఇంత దాతృత్వానికి మూలం డెల్టా మట్టిలో ఉంది. 1850లలో బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట కట్టారు. తూర్పు, పడమర కాలువలు తవ్వారు. అప్పటిదాకా వాన మీద ఆధారపడిన భూములకు నీరు అందింది. శతాబ్దం తిరిగాక 1957లో ప్రకాశం బరాజు ఆ బాధ్యతను తీసుకుంది. నీటి కోసం పెట్టిన ప్రజాధనం ధాన్యం అయింది. ధాన్యంలో మిగులు రైస్ మిల్లు అయింది, చక్కెర ఫ్యాక్టరీ అయింది, సినిమా పెట్టుబడి అయింది. ఆ మిగులులో ఒక పాలు కళాశాల అయింది. 1941లో ఉయ్యూరు చక్కెర కర్మాగారంతో కేసీపీ సంస్థను మొదలుపెట్టిన వెలగపూడి రామకృష్ణ పేరునే, 1977లో మొదలైన వీఆర్ సిద్ధార్థ ఇంజినీరింగ్ కళాశాల పెట్టుకుంది. 1950లో మొదలైన గుడివాడ కళాశాలకు విరాళమిచ్చి తన పేరును నిలిపిన అక్కినేని నాగేశ్వరరావు తాను ప్రాథమిక పాఠశాల దాటి చదువుకోలేకపోయిన రైతు బిడ్డ. తనకు అందనిది పక్కవాడికి అందాలనుకున్న మనసు ఆ బోర్డు మీద ఉంది.

డెల్టా దాతల మీద మనకున్న గౌరవం న్యాయమైనదే. అయితే ఆ దాతల చేతికి మిగులు ఎలా వచ్చిందో కూడా గుర్తుంచుకోవాలి. ప్రభుత్వం ఖర్చు పెట్టి కాలువ తవ్వకపోతే ఆ మిగులు లేదు. ఇక్కడ ప్రజాధనానికీ ప్రైవేటు విరాళానికీ మధ్య గీత గీయడం కష్టం. ఒకటి రెండోదాన్ని కన్నది.

బందరు వద్దన్న డబ్బు

చదువుకు ప్రభుత్వ డబ్బు తీసుకోవాలా వద్దా అన్న చర్చ ఈ నేలకు కొత్త కాదు. బందరులో 1843లోనే రాబర్ట్ నోబుల్ పాఠశాల మొదలుపెట్టారు. అది నోబుల్ కళాశాలగా ఎదిగింది. డెల్టాలో ఇంగ్లీషు చదువుకు అదే తొలి పెద్ద గుమ్మం. భోగరాజు పట్టాభి సీతారామయ్య అక్కడ చదివారు, విశ్వనాథ సత్యనారాయణ కూడా అక్కడే చదివారు. 

ఆ గుమ్మం చాలదని, ఆ చదువులో మన చేతివృత్తులకు చోటు లేదని అనుకున్నవారు 1910లో అదే ఊళ్లో ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టారు. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య దాని వెనక నిలబడ్డారు. వందేమాతరం ఉద్యమం రోజులవి. 1907లో బిపిన్ చంద్రపాల్ ఆంధ్ర పర్యటన రగిలించిన వేడి ఇంకా ఆరలేదు. న్యాయవాద వృత్తిని వదులుకున్న హనుమంతరావు ఆ కళాశాలకే జీవితాన్ని ఇచ్చి, 1922లో కన్నుమూశారు. సర్కారు డబ్బు వస్తే సర్కారు పెత్తనం వస్తుందని, ప్రజల చందాలతోనే నడపాలని వారు పట్టుబట్టారు. అక్కడ సాహిత్యం పక్కనే చేతిపనులు నేర్పారు, చిత్రకళ నేర్పారు. జాతీయ పతాకానికి రూపమిచ్చిన పింగళి వెంకయ్య అక్కడ పనిచేశారు. ప్రమోద కుమార ఛటర్జీ దగ్గర అడివి బాపిరాజు చిత్రకళ నేర్చుకున్నదీ అక్కడే. పుస్తకం చదివిన పిల్లవాడికి పనిముట్టు పట్టుకోవడం కూడా రావాలన్నది వారి పాఠ్యప్రణాళిక సారం.

ఆ ఉదాహరణను ఇవాళ కొందరు ‘కళాశాలకు ప్రభుత్వ డబ్బు అక్కర్లేదు’ అనడానికి వాడుకుంటారు. అది సరికాదు. బందరు పెద్దలు కాదన్నది పరాయి ప్రభుత్వపు డబ్బును. అప్పటి ఖజానా మీద ప్రజలకు అధికారం లేదు. స్వాతంత్ర్యం వచ్చాక ఖజానా మనది, దాని లెక్క అడిగే హక్కు మనది. ఆ ఖజానా నుంచి కళాశాలకు డబ్బు రావడం ఎవరో పెట్టే దయాభిక్ష కాదు. ఊరు కట్టిన పన్ను ఊరి పిల్లల దగ్గరకు తిరిగి రావడం, అంతే.

పాలు పోసిన కుర్రాడు

మళ్లీ మాచవరానికి వద్దాం. ఎస్సారార్ కళాశాల తొలి దశాబ్దాల్లో అక్కడ తెలుగు చెప్పింది విశ్వనాథ సత్యనారాయణ. 1938 నుంచి 1959 దాకా ఆయన ఆ కళాశాలలోనే ఉన్నారు. తెలుగులో తొలి జ్ఞానపీఠం అందుకోబోయే రచయిత, ఇరవై ఏళ్లకు పైగా ఒక జిల్లా పట్టణపు కళాశాలలో ఇంటర్ పిల్లలకు పద్యం విడమరిచి చెప్పారు. కళాశాలకు విలువ ఎక్కడ నుంచి వస్తుందని అడిగేవారికి ఇంతకంటే సూటి జవాబు దొరకదు. మంచి గురువు ఒకచోట ఏళ్ల తరబడి స్థిరంగా ఉండటం నుంచి వస్తుంది.

ఆయన తరగతిలో కూర్చున్నవారిలో నిమ్మకూరు నుంచి వచ్చిన కుర్రాడు ఒకడున్నాడు. ఇంటి పరిస్థితి బాగోక బెజవాడలో పాలు పోస్తూ చదువుకున్నవాడు. కళాశాల నాటకంలో నాగమ్మ వేషం వేయమని గురువుగారు చెబితే మీసం తీయనని మొండికేసి, మీసంతోనే వేషం కట్టి ‘మీసాల నాగమ్మ’ అనిపించుకున్నాడు. అతనే నందమూరి తారక రామారావు. తర్వాత గుంటూరు ఆంధ్ర క్రిస్టియన్ కళాశాలలో డిగ్రీ చదివారు, సినిమాల్లోకి వెళ్లారు, 1983 జనవరిలో ముఖ్యమంత్రి అయ్యారు.

ఈ కథను సాధారణంగా సినిమా ముచ్చటగా చెప్పుకుంటారు. దీనిలో చదువుకు సంబంధించిన ముక్క ఇంకొకటి ఉంది. ఆయన అధికారంలోకి వచ్చిన ఏడాదే కళాశాలల్లో క్యాపిటేషన్ ఫీజును నిషేధించే చట్టం వచ్చింది. సీటును వేలం వేయడానికి వీల్లేదని, మార్కులను బట్టి, రిజర్వేషన్‌ను బట్టి ఇవ్వాలని చెప్పిన 1983 చట్టం అది. విజయవాడలో, సిద్ధార్థ కళాశాలలను నడిపే సిద్ధార్థ అకాడమీ 1980లో మొదలుపెట్టిన వైద్య కళాశాల ఆ దశాబ్దంలోనే ప్రభుత్వం చేతికి వచ్చింది. 1986లో ఆరోగ్య విశ్వవిద్యాలయం కూడా ఈ ఊళ్లోనే వెలసింది. డెల్టా డబ్బుతో పుట్టిన వైద్య కళాశాల ప్రజల కళాశాల కావడంతో, డబ్బు కట్టలేని ఇళ్ల నుంచి కూడా డాక్టర్లు వచ్చారు. పదేళ్ల తర్వాత, 1993లో ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు విద్య వ్యాపారం కాదని చెప్పినప్పుడు, కోర్టు ముందున్న వ్యాజ్యాల్లో ఈ ఆంధ్రప్రదేశ్ చట్టమూ ఉంది. దేశం చర్చించిన ఒక పెద్ద ప్రశ్న ఇక్కడి నేల మీద కూడా పుట్టింది.

దాత చేతిలో లేనిది

విరాళం ఒకసారి ఇస్తారు. జీతం ప్రతి నెలా ఇవ్వాలి. ఈ చిన్న తేడాలోనే కళాశాల బతుకు ఉంది. దాత భవనం కట్టగలడు, భూమి రాసివ్వగలడు, హాలుకు తండ్రి పేరు పెట్టగలడు. భౌతికశాస్త్రం చెప్పే లెక్చరర్‌కు ముప్పై ఏళ్లు జీతమూ ఆ తర్వాత పింఛనూ ఇవ్వడం ఒక కుటుంబం వల్ల అయ్యే పని కాదు. అందుకే ఎయిడెడ్ పద్ధతి వచ్చింది. పాలకవర్గం యాజమాన్యాన్ని చూసుకుంటుంది, మంజూరైన పోస్టుల జీతాలు ప్రభుత్వం ఇస్తుంది. ఆ మేరకు ఫీజు తక్కువగా ఉండాలి, ప్రవేశాల్లో రిజర్వేషన్ అమలు కావాలి.

విజయవాడలో పెద్ద కళాశాలలన్నీ ఈ నీడలోనే పెరిగాయి. గుణదల కొండ కింద జెస్యూట్ గురువులు 1953లో స్థాపించిన ఆంధ్ర లయోలా, 1962లో ఆడపిల్లల కోసం మొదలైన మేరిస్ స్టెల్లా, వన్‌టౌన్ కొత్తపేటలో వ్యాపార కుటుంబాల చొరవతో 1960లలో వచ్చిన కేబీఎన్, 1975లో సిద్ధార్థ అకాడమీతో పాటు వచ్చిన పీబీ సిద్ధార్థ. యాజమాన్యాలు వేరు, ప్రార్థనలు వేరు, పాలకవర్గాల్లో కూర్చున్న కులాలు వేరు. లోపల పాఠం చెప్పిన ఎయిడెడ్ లెక్చరర్ల జీతం మాత్రం ఒకే ఖజానా నుంచి వచ్చేది.

దీనివల్ల జరిగిన మేలును దాచకుండా చెప్పుకోవాలి. డెల్టాలో భూమి ఉన్నవారి దగ్గరే మిగులు ఉండేది, మిగులు ఉన్నవారే విరాళం ఇచ్చేవారు. కాబట్టి కళాశాల పెట్టే శక్తి కొన్ని కులాల దగ్గరే పోగుపడింది. వారి పిల్లలకోసం కట్టిన హాస్టళ్లకు కూడా ఆ కులాల పేర్లే ఉండేవి. ఆ గోడల మధ్యకు కూలీ ఇంటి పిల్లను, చేనేత ఇంటి పిల్లవాణ్ని తీసుకొచ్చినవి మూడు విషయాలు: రిజర్వేషన్, స్కాలర్‌షిప్, సాంఘిక సంక్షేమ హాస్టల్. ఈ మూడూ ప్రజాధనమే. దాత మంచితనం మీద ఆధారపడితే గేటు ఎవరికి తెరవాలో దాత నిర్ణయిస్తాడు. ప్రభుత్వం జీతమిస్తే ఆ నిర్ణయం రాజ్యాంగం చేతికి వస్తుంది.

చదువుకునే వయసు దాటినవారికీ ఈ పద్ధతిలో చోటు దొరికింది. దేశంలోనే తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైంది. తర్వాత దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. వారమంతా పనిచేసి సెలవు రోజున తరగతికి వచ్చే గుమాస్తాలు, పెళ్లయి చదువు ఆగిపోయిన గృహిణులు దాని అధ్యయన కేంద్రాల్లో డిగ్రీ పూర్తి చేశారు. ఊరి కళాశాల భవనం ఊరి పెద్దవాళ్లకూ పనికొచ్చింది.

డబ్బు దారి మారింది

ఆ తర్వాత ప్రభుత్వ డబ్బు ఆగిపోలేదు. దాని దారి మారింది. కళాశాలకు నేరుగా చేరే డబ్బు సన్నగిల్లింది, విద్యార్థి పేరు మీద వచ్చే డబ్బు పెరిగింది. ఎయిడెడ్ పోస్టుల భర్తీ ఏళ్ల తరబడి నిలిచిపోయింది. రిటైరైన లెక్చరర్ కుర్చీ ఖాళీగానే మిగిలింది, లేదా యాజమాన్యం తక్కువ జీతానికి పెట్టుకున్న మనిషి అందులో కూర్చున్నారు. ప్రభుత్వ కళాశాలల్లోనూ కాంట్రాక్టు లెక్చరర్లు, గెస్ట్ ఫ్యాకల్టీ పెరిగారు.

మరోవైపు 2008లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఫీజు రీయింబర్స్‌మెంట్‌ను పెద్ద ఎత్తున తెచ్చింది. 2020లో అది జగనన్న విద్యాదీవెన అయింది, 2021 నుంచి ఆ డబ్బు తల్లుల ఖాతాల్లోకి వెళ్లింది, ఇప్పుడు మళ్లీ కళాశాలల ఖాతాల్లోకి వెళ్తోంది. ఈ పథకం చేసిన మేలు చిన్నది కాదు. ఇంట్లో తొలిసారి డిగ్రీ పట్టా చూసిన వేల కుటుంబాలు ఈ డెల్టాలోనే ఉన్నాయి. ఆ మేలును తక్కువ చేసి మాట్లాడేవారికి ఊళ్లు తెలియవనుకోవాలి.

కాని తలకు ఇంత అని లెక్కగట్టి ఇచ్చే డబ్బుకు ఒక స్వభావం ఉంది. అది సీటును కొంటుంది, సంస్థను నిలబెట్టదు. పండిన బస్తాకు ఇంత అని డబ్బిచ్చి ఊరుకుంటే కాలువ పూడిక తీసేవాడు ఉండడు. పంట ఎండే రోజు దాకా ఆ సంగతి ఎవరికీ తెలియదు. కళాశాలలోనూ అంతే. పిల్లలు ఎగబడే గ్రూపుకు డబ్బు వస్తుంది, పిల్లలు తక్కువున్న గ్రూపు మూతపడుతుంది. కంప్యూటర్ కోర్సులు నిండుతాయి. చరిత్ర, వృక్షశాస్త్రం, తెలుగు సాహిత్యం వెలవెలబోతాయి. పది మంది కోసం ప్రయోగశాల నడపడం యాజమాన్యానికి నష్టం. ఆ పది మందిలోనే రేపటి టీచర్లు ఉండొచ్చని లెక్కల పుస్తకం చెప్పదు. బకాయిలు పడితే దెబ్బ పిల్లల మీదే. ఫీజు కట్టలేదని సర్టిఫికెట్ ఆపారని, హాల్ టికెట్ ఇవ్వలేదని ఏ ప్రభుత్వం ఉన్నా, ఏ ఏడాది చూసినా వినిపించే మాటే.

2021 ఆగస్టులో ఈ మార్పు బాహాటంగా వచ్చింది. రాష్ట్ర విద్యా చట్టాన్ని సవరిస్తూ ఆర్డినెన్స్ వచ్చింది. ఎయిడెడ్ సంస్థలు ఆస్తులతో సహా ప్రభుత్వంలో కలవడమో, ఎయిడెడ్ సిబ్బందిని ప్రభుత్వానికి అప్పగించి ప్రైవేటు సంస్థలుగా నడవడమో ఎంచుకోవాలన్నారు. రాష్ట్రంలో పలుచోట్ల విద్యార్థులు, తల్లిదండ్రులు రోడ్డెక్కారు. అనంతపురంలో లాఠీచార్జి జరిగింది. నవంబరులో ప్రభుత్వం మెత్తబడి, ముందు ఇచ్చిన అంగీకారాన్ని వెనక్కి తీసుకుని ఎయిడెడ్‌గానే కొనసాగే అవకాశం ఇచ్చింది. ఖాళీ పోస్టులున్న, పిల్లలు లేని ఎయిడెడ్ బడులు ఉన్నమాట నిజమే. వాటిని సరిచేయాల్సిందే. అందుకు మందు ఎయిడ్‌ను ఎత్తేయడం కాదు, పోస్టులు నింపి పనితీరు లెక్క అడగడం. ఆ నెలల్లో ఈ డెల్టా తల్లిదండ్రులకు ఒక విషయం అర్థమైంది: తమ పిల్ల కట్టే ఫీజు తక్కువగా ఉన్నది యాజమాన్యం దయవల్ల మాత్రమే కాదు, వెనక ప్రజలిచ్చే జీతం ఉండబట్టి.

ఈ తరగతి గదుల్లో ఎవరున్నారు

విజయవాడ పేరు చెబితే బయటివారికి గుర్తొచ్చేది ఇంటర్ కోచింగ్. 1986లో శ్రీచైతన్య ఆడపిల్లల జూనియర్ కళాశాలగా పుట్టింది ఇక్కడే. గూడవల్లి, పోరంకి, కానూరు దారుల్లో హాస్టల్ భవనాలు వరసలు కట్టాయి. ర్యాంకు తెచ్చుకునే పిల్లలకు ఆ దారి ఉంది. మిగిలినవారు ఎక్కడికి పోతారు? ప్రభుత్వ డిగ్రీ కళాశాలకు, పాలిటెక్నిక్‌కు, ఐటీఐకి.

ఉదయం గన్నవరం, కంకిపాడు, మైలవరం వైపు నుంచి వచ్చే పల్లె బస్సుల్లో చూస్తే వాళ్లు కనిపిస్తారు. ఒళ్లో క్యారేజీ సంచి, జేబులో విద్యార్థి పాసు. ఆర్టీసీ పాసు మీద ఇచ్చే రాయితీ కూడా చదువుకు పెట్టే ప్రజాధనమే. 2025 ఆగస్టు 15 నుంచి మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చాక, ఆడపిల్లను కాలేజీకి పంపే ఇంట్లో ఛార్జీల లెక్క తేలికైంది. వీరిలో చాలామంది సాయంత్రం పనికి వెళ్తారు. బట్టల షాపులో, మెడికల్ షాపులో, ఆటోనగర్ గ్యారేజీలో, ఫంక్షన్ హాల్లో క్యాటరింగ్‌లో. చదువు మానేయకుండా పని చేసుకోగలగడానికి కారణం కళాశాల దగ్గరగా ఉండటం, ఫీజు చేతికి అందేంత ఉండటం. ఆ రెంటిలో ఏది పోయినా ముందు ఆగిపోయేది ఆడపిల్ల చదువే.

ఇక్కడి చదువుకు ఇక్కడి బతుకుతో ముడి వేయడానికి అవకాశం ఎంతో ఉంది. విజయవాడలో జవహర్ ఆటోనగర్ ఉంది, కైకలూరు చుట్టూ చేపల చెరువులున్నాయి, నూజివీడులో మామిడి తోటలున్నాయి, పెడనలో కలంకారీ ఉంది, కొండపల్లిలో బొమ్మలున్నాయి, కూచిపూడిలో నాట్యం ఉంది. రాష్ట్రంలో 2020-21 నుంచి డిగ్రీ పాఠ్యప్రణాళికలో ఇంటర్న్‌షిప్ తప్పనిసరి అయింది. మొదటి విడతలో విద్యార్థి ఏదో ఒక ఊరి సమస్యను అధ్యయనం చేయాలి. ఆలోచన గొప్పది, బందరు జాతీయ కళాశాల పెద్దలు మెచ్చుకునేది. అది కాగితం మీద రిపోర్టుగా మిగలకుండా ఉండాలంటే పిల్లల్ని చెరువు గట్టు మీదకు తీసుకెళ్లే లెక్చరర్ కావాలి. అలాంటి లెక్చరర్‌కు వచ్చే ఏడాది ఉద్యోగం ఉంటుందో లేదో తెలియని పరిస్థితి ఉండకూడదు.

ఎనిమిది పైసల పాఠం

అమెరికాలో ఇలాంటి కళాశాలను కమ్యూనిటీ కాలేజీ అంటారు. ఇల్లినాయి రాష్ట్రంలో 1901లో మొదలైన జోలియెట్ జూనియర్ కళాశాల వాటికి ఆద్యం. డెల్టా నుంచి అక్కడికి వెళ్లి స్థిరపడిన కుటుంబాల పిల్లల్లోనూ ఖర్చు తగ్గించుకోవడానికి మొదటి రెండేళ్లు వాటిలో చదివేవారున్నారు. చాలా రాష్ట్రాల్లో వాటి ఖర్చులో ఒక భాగం ఆ ఊరి ఆస్తిపన్ను నుంచే వస్తుంది. ఇల్లున్న ప్రతివాడూ ఊరి కళాశాలకు కొంత కడతాడు కాబట్టి, అది ఎలా నడుస్తోందో అడుగుతాడు. మన దేశంలో యూజీసీ 2013లో కమ్యూనిటీ కళాశాలల పథకం తెచ్చింది. పేరు అక్కడిది తెచ్చుకున్నాం. ఆ పేరుకు ప్రాణమైన స్థానిక నిధిని తెచ్చుకోలేదు.

ఇది మనకు చేతకాని పనేం కాదు. గ్రంథాలయోద్యమానికి బెజవాడ పుట్టిల్లు. 1911లో ఇక్కడ రామమోహన గ్రంథాలయం వెలసింది. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయాల తొలి మహాసభ ఈ ఊళ్లోనే జరిగింది. అయ్యంకి వెంకటరమణయ్య దానికి ప్రాణం పోశారు. ఆ ఉద్యమ ఫలంగా 1960లో ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం వచ్చింది. ఆ చట్టం కింద ఇప్పుడు ఆస్తిపన్ను ప్రతి రూపాయి మీద ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్నుగా వసూలవుతోంది. పుస్తకం కోసం ప్రతి ఇల్లూ కొంత కట్టాలన్న ఆలోచన ఈ నేల మీద అమల్లోనే ఉంది. వసూలైన డబ్బును స్థానిక సంస్థలు గ్రంథాలయ సంస్థలకు సకాలంలో ఇవ్వకపోవడం ఒక జబ్బు. దానికి మందు వేయాలి, ఆలోచనను వదిలేయకూడదు.

అలాంటి చిన్న నిధి ఒకటి ప్రతి పట్టణంలోని ప్రభుత్వ, ఎయిడెడ్ కళాశాలలకు ఉంటే ప్రయోగశాల పరికరానికి, పుస్తకానికి, విరిగిన కిటికీకి రాజధాని ఫైలు కోసం ఎదురు చూడనక్కర్లేదు. జీతాలు రాష్ట్రం ఇవ్వాలి, పెద్ద భవనాలకు కేంద్రం తోడవ్వాలి, నిర్వహణను ఊరు చూసుకోవాలి. దాతలు ఇప్పటికీ ఉన్నారు. ఈ కళాశాలల్లో చదివి హైదరాబాదులో, డల్లాస్‌లో స్థిరపడిన వేలమంది ఉన్నారు. వారు ఇవ్వాల్సింది ఇంకో ఆర్చీకో విగ్రహానికో కాదు, పుస్తకాలకూ పరికరాలకూ. ఎన్ని విరాళాలు వచ్చినా రాష్ట్రం ఇవ్వాల్సిన జీతానికి అవి బదులు కావని మాత్రం అందరూ గట్టిగా చెప్పాలి.

అడగవలసిన ప్రశ్నలు

1966లో కొఠారి కమిషన్ జాతీయాదాయంలో ఆరు శాతం విద్యకు పెట్టాలని చెప్పింది. 2020 జాతీయ విద్యా విధానం అదే అంకెను మళ్లీ చెప్పింది. మధ్యలో అర్ధ శతాబ్దం గడిచింది, ఆ అంకె ఎప్పుడూ అందలేదు. ఇంత పెద్ద లెక్క మన చేతిలో లేకపోవచ్చు. మన ఊరి కళాశాల లెక్క మన చేతిలో ఉంది.

పిల్లను డిగ్రీలో చేర్చేటప్పుడు మనం సాధారణంగా ఫీజు ఎంత, బస్సు ఉందా, ప్లేస్‌మెంట్ ఉందా అని అడుగుతాం. ఇకపై ఇంకో నాలుగు అడుగుదాం. మంజూరైన పోస్టులెన్ని, వాటిలో నిండినవెన్ని? లైబ్రరీకి ఈ ఏడాది ఎన్ని కొత్త పుస్తకాలు వచ్చాయి? రసాయనశాస్త్ర ప్రయోగాలు పిల్లలు చేతులతో చేస్తున్నారా, రికార్డులో రాసుకుంటున్నారా? ప్రభుత్వం ఇవ్వాల్సిన ఫీజు ఏ నెలలో వచ్చింది? ఈ నాలుగు జవాబులూ ప్రతి కళాశాల గేటు దగ్గర బోర్డు మీద రాయించాలని శాసనసభ్యుణ్ని, కార్పొరేటర్‌ను అడుగుదాం. ఎన్నికలప్పుడు రోడ్డు ఎప్పుడేస్తారని అడిగే ఊళ్లు, ఖాళీగా ఉన్న లెక్చరర్ పోస్టు ఎప్పుడు నింపుతారని కూడా అంతే గట్టిగా అడగాలి.

కళాశాల విలువ అందులోంచి వచ్చిన ఒక ముఖ్యమంత్రితోనో ఒక జ్ఞానపీఠంతోనో తూగదు. అక్కడ చదివి ఊళ్లోనే ఉండిపోయి బడిలో పాఠం చెప్పే టీచరు, సచివాలయంలో అర్జీ రాసిపెట్టే ఉద్యోగిని, తన షాపు లెక్క తాను చూసుకునే దర్జీ, పిల్లల హోంవర్కు చూడగలిగే తల్లి, వీళ్లందరి బతుకులో ఆ విలువ ఉంటుంది. పేరు లేని ఆ వేలమందికోసం డబ్బు పెట్టడానికి ప్రైవేటు లాభానికి కారణం ఉండదు, ప్రజలకు ఉంటుంది. అందుకే ఈ ఖర్చు ప్రజలదే కావాలి. అడగడమూ ప్రజల పనే.